ఐసుప్యాకులో నీళ్ళ చప్పుడు

ఆ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేసే నర్సుకి అసలు పేరు ఒకటి ఉండేది. అది సర్వీసు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. రైలు పట్టాల అవతలి పేటలో ఆమెని అందరూ ఐసుపెట్టక్క అనేవారు. ప్రతి గురువారం పొద్దున్నే భుజానికి నీలం రంగు ఐసుపెట్టె తగిలించుకుని, పట్టాలు దాటి, ఆ పేటలోని కమ్యూనిటీ హాలుకి వెళ్ళి కూర్చునేది. పేటలో ఏడాది నిండని వాళ్ళలో ఆమెకి స్నేహితులు ఒక్కరూ లేరు. ఆమె చెప్పుల చప్పుడు వినపడగానే కొందరు తల్లి మెడ కరుచుకుని రాగం అందుకునేవారు.

"ఏడవండి, ఏడవండి. ఏడిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి," అనేది ఆమె, సూది తీస్తూ.

ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. ఇంకో ఏడు నెలల్లో రిటైర్మెంటు. ఆమెకి తన పనంటే గర్వం, ఆ గర్వం కొంచెం ఎక్కువే. ముఖ్యంగా ఐసుపెట్టె విషయంలో. "నా పెట్టెలో చెయ్యి పెట్టి చూడండి, వేళ్ళు కొంకర్లు పోతాయి," అని కొత్తగా చేరిన నర్సుల దగ్గర గొప్పలు పోయేది. ఆ మాట వెనక ఒక పాత అవమానం ఉందని వాళ్ళకి తెలియదు.

రెండేళ్ళ కిందట మండుటెండలో ఒక తనిఖీ అధికారి హాలుకి ఊడిపడ్డాడు. ఆమె పెట్టెలో థర్మామీటరు పెట్టాడు. ఎనిమిది డిగ్రీలు దాటకూడదు, పదకొండు చూపించింది. ఆ పెద్దమనిషి పక్కకి పిలిచి చెప్పొచ్చు కదా, చెప్పలేదు. పాతికమంది తల్లుల ముందు పెట్టెలోని సీసాలన్నీ బకెట్లో కుమ్మరించి, "ఇంత సర్వీసుంది, పెట్టె చల్లగా ఉంచడం చేతకాదా?" అన్నాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదు.

ఆ మర్నాటి నుంచి ఆమె పద్ధతి మారింది. నియమం ప్రకారమైతే పెట్టెలో నాలుగు గోడల వెంబడి నాలుగు ఐసుప్యాకులు పెట్టాలి. ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే పెట్టకూడదు. బల్ల మీద పరిచి, చెమట పట్టనిచ్చి, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించాలి. అప్పుడే పెట్టెలో పెట్టాలి. ఎందుకంటే కొన్ని టీకాలు వేడికి ఎంత భయపడతాయో గడ్డకట్టడానికి అంతకంటే ఎక్కువ భయపడతాయి. హెపటైటిస్ బి టీకా అందులో మొదటిది. ఒక్కసారి గడ్డకట్టిందా, కరిగాక చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ పని చెయ్యదు. ఇదంతా గోడ మీద చార్టులో బొమ్మలతో సహా ఉంది. ఆ చార్టు తగిలించింది కూడా ఆమే.

కానీ చెమట పట్టడానికి ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంటలో ఎండ ఎక్కుతుంది. ఎండని తలుచుకుంటే బకెట్టు గుర్తొస్తుంది. అందుకని ఫ్రీజర్లోంచి తీసిన ప్యాకుల్ని రాళ్ళలా ఉండగానే పెట్టెలో దించి, మూత బిగించి బయల్దేరేది. ఇంకో డిగ్రీ చల్లగా ఉంటే ఏం పోయిందిలే అనుకునేది. ఒకసారి సీసా అంచున మంచు పలుకులు కనిపించాయి. అరచేతిలో పెట్టి రుద్దింది, కరిగిపోయాయి. ఆ సీసాలోని మందు పదిమంది పిల్లలకి వేసి, సీసా చెత్తలో పడేసి ఆ సంగతి మరిచిపోయింది.

ఈ ఏడాది పైనుంచి ఒక సర్వే వచ్చింది. పసిపిల్లలకి మామూలుగా వేసే హెపటైటిస్ బి టీకా ఎంతవరకు ఒంటబడుతోందో చూడాలట. ఐదు ఆరోగ్య కేంద్రాలు, ఒక్కో కేంద్రం నుంచి నలభైమంది పిల్లలు. పుట్టగానే ఆసుపత్రిలో ఒక డోసు, నెలకి ఒకటి, ఆరో నెలలో ఒకటి, మూడూ పూర్తయిన తొమ్మిది నెలల పిల్లలకి రక్తం తీసి పరీక్ష చేస్తారు. ఫలితం ఒక అంకెలా వస్తుంది. పది దాటితే రక్షణ ఉన్నట్టు, దాటకపోతే లేనట్టు. చాలామంది పిల్లలకి అది వందల్లో ఉంటుంది.

"మన అంకెలు చూసి మిగతా కేంద్రాల వాళ్ళు కుళ్ళుకోవాలి," అంది ఐసుపెట్టక్క, రక్తం తీయడానికి వచ్చిన అమ్మాయితో.

ఫలితాలు వచ్చిన రోజు డాక్టరుగారు ఆమెని గదిలోకి పిలిచారు. ఆయనకో అలవాటుంది. చెడ్డ వార్త చెప్పాల్సి వస్తే ముందు కళ్ళద్దాలు తుడుస్తారు. ఆ రోజు చాలాసేపు తుడిచారు.

"మిగతా నాలుగు చోట్లా నలభైకి ముప్ఫై ఏడు నుంచి ముప్ఫై తొమ్మిది మంది దాకా పది దాటారు. మన దగ్గర ఇరవై తొమ్మిది."

"పొరపాటు పడ్డారేమోనండీ లాబ్‌లో."

"రెండుసార్లు చేశారు. పదకొండుమందికి ఒంటబట్టలేదు. పేర్లు చూస్తే దాదాపు అందరూ పట్టాల అవతలి వాళ్ళే. ఆ పేట పిల్లలు బరువు తక్కువ, తల్లులకి తిండి అంతంతమాత్రం. అందుకే అయుంటుంది. రిపోర్టులో అదే రాస్తున్నా. సోమవారం సంతకం పెట్టి పంపేస్తా. మీరు ఆ పదకొండుమందికీ కబురు చెప్పండి, మళ్ళీ వేద్దాం."

ఆమె తల ఊపింది. మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంది గానీ అదేమిటో ఆ క్షణాన పట్టుకోలేకపోయింది. పట్టుకోవాలని కూడా అనుకోలేదేమో.

అంకెలు మాత్రం ఆమెకంటే ముందే ఇళ్ళకి చేరాయి. రక్తం తీసిన అమ్మాయి తల్లుల ఫోన్లకి పంపేసింది. మూడు వారాల పాటు అవి ఫోన్లలో ఉండి, ఆ పైన తీరిగ్గా డాక్టరుగారి బల్ల మీదికొచ్చాయి. ఆఫీసు కాగితాల నడక అలాంటిది.

లిస్టులో మొదటి పేరు, పేటలో బట్టలు కుట్టే కుట్టుమిషను అమ్మాయి పాపది. పేట మొదట్లో ఒకటే గది ఇల్లు, కిటికీ పక్కన మిషను, నేల మీద కత్తిరించిన గుడ్డముక్కల గుట్ట. ఆ గుట్ట మధ్యలో ఆమె కూతురు బొద్దు కూర్చుని ఒక గుండీల పట్టీని నమిలే ప్రయత్నంలో ఉంది. పాపకి ఆ పిలుపు ఊరికే రాలేదు. మణికట్టు దగ్గర దారం కట్టినట్టు మడతలు, బుగ్గల వెనక దాక్కున్న కళ్ళు. ఐసుపెట్టక్కని చూడగానే గుండీలు వదిలేసి గట్టిగా ఏడుపు మొదలుపెట్టింది.

పాప అమ్మమ్మ గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని ఉంది. ఆమెకి ఎన్నో ఏళ్ళుగా హెపటైటిస్ బి ఉంది, కాలేయం దెబ్బతింది. మందులు వాడుతోంది. ఆ సంగతి ఐసుపెట్టక్కకి తెలుసు. పాప పుట్టినప్పుడు, "టీకాలు మూడూ పడితే ఇంక భయం లేదు, మనవరాలిని నీ ఇష్టమొచ్చినట్టు ఎత్తుకో పెద్దమ్మా," అన్నది తనే. కూతురు మిషను తొక్కుతుంటే పాపని సాకింది ఈవిడే.

"లోపలికి రా పెద్దమ్మా, ఎండలో కూర్చున్నావేం?"

"వద్దులే అమ్మా, ఇక్కడే బాగుంది," అంది పెద్దావిడ. పక్కన వేరే గ్లాసు, వేరే కంచం ఉన్నాయి.

కుట్టుమిషను అమ్మాయి ఫోను తీసి అంకె చూపించింది. రెండు. పది దాటాల్సిన చోట రెండు.

"మూడు వారాల నుంచీ చూస్తూనే ఉన్నా అక్కా దీన్ని. నా వల్లేనా? పనెక్కువై వేళకి పాలివ్వలేదు. మిషను ఆపితే గిరాకీ పోతుందని ఏడ్చేదాకా ఉంచేదాన్ని. నా పాలు చాలకే దీనికి మందు ఒంటబట్టలేదా?"

"నీ పాలకీ దీనికీ సంబంధం లేదు తల్లీ. ఆ జబ్బు ఎత్తుకుంటే రాదు, గ్లాసు ముట్టుకుంటే రాదు. పెద్దమ్మని బయట కూర్చోబెట్టడం దేనికి?"

"పాప గోళ్ళతో అమ్మ చేతులు గీరేస్తుంది. నెత్తురొస్తుంది. నెత్తురుతో వస్తుందని మీరే చెప్పారు కదా. టీకా ఉందన్న ధైర్యంతో ఇన్నాళ్ళూ వదిలేశా. ఇప్పుడెలా వదలను?"

 ఐసుపెట్టక్క పాప టీకా కార్డు తీసి చూసింది. పుట్టినప్పుడు మూడు కిలోల రెండొందలు. ఈ పిల్ల బరువు తక్కువైతే ఇంక లోకంలో బొద్దు పిల్లలెవరూ లేనట్టే. మనసులోని ముల్లు ఈసారి లోతుగా దిగింది. కార్డులో రెండో డోసు, మూడో డోసు తేదీలు తన చేతిరాతలోనే ఉన్నాయి. రెండూ గురువారాలే.

మిగతా పదిళ్ళకీ వెళ్ళకుండా నేరుగా కేంద్రానికి వచ్చి, రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంది. నలభైమంది పేర్లూ కాగితం మీద రాసి, ఎవరికి ఎక్కడ వేసిందో చూసుకుంటూ పోయింది. ఇరవై రెండుమంది కేంద్రానికే వచ్చి వేయించుకున్నవాళ్ళు. వాళ్ళకి మందు ఫ్రిజ్‌లోంచి తీసి వేసింది. అందులో ఒంటబట్టనిది ఒక్కరికి. పద్ధెనిమిదిమంది గురువారం పిల్లలు, పెట్టెలోంచి వేసినవాళ్ళు. అందులో ఒంటబట్టనిది పదిమందికి. డాక్టరుగారు పేట పేరు చూశారు గానీ పెట్టెని చూడలేదు. ఆయన్ని అనేదేముంది, పెట్టె మోసింది తను.

 అయినా మనసు చివరిదాకా బేరాలాడుతూనే ఉంది. వేరే కారణం ఉండొచ్చు కదా అంది. సరే, చూద్దాం అనుకుంది.

శనివారం మధ్యాహ్నం కేంద్రం ఖాళీ. ఆమె పొద్దున్నే వచ్చి, గురువారం చేసినట్టే చేసింది. రాళ్ళలాంటి నాలుగు ప్యాకులు పెట్టెలో దించి, మధ్యలో ఒక సీసా పెట్టి మూత బిగించింది. నాలుగు గంటల తర్వాత తీసి చూస్తే సీసాలో సగం మందు గడ్డకట్టి ఉంది. అరచేతిలో పెట్టి రుద్దలేదు ఈసారి. దాన్ని బల్ల మీదే కరగనిచ్చి, ఫ్రిజ్‌లోంచి అదే బ్యాచి సీసా ఇంకొకటి తీసింది. రెండూ ఒకే చేతిలో పట్టుకుని బాగా ఊపి, కిటికీ వెలుతురులో పక్కపక్కన నిలబెట్టి కుర్చీలో కూర్చుంది.

మొదట రెండూ ఒకేలా ఉన్నాయి, గంజినీళ్ళలా తెల్లగా. ఐదు నిమిషాలకి పెట్టెలోని సీసాలో నలకలు కనిపించాయి. పది నిమిషాలకి అవి కిందికి దిగడం మొదలైంది. పావుగంటకి ఆ సీసా అడుగున తెల్లటి మడ్డి, పైన తేట నీళ్ళు. ఫ్రిజ్‌లోని సీసా ఇంకా గంజినీళ్ళలాగే ఉంది. ఆమె ఇంకో పావుగంట కూర్చుంది, ఏమైనా మారుతుందేమోనని. ఏమీ మారలేదు.

రెండేళ్ళుగా తను ఆ పిల్లల తొడల్లోకి గుచ్చినది ఇది. వాళ్ళని ఏడిపించింది, తల్లులతో దండం పెట్టించుకుంది, కార్డు మీద టిక్కు కొట్టింది. ఆమెకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఖాళీ గదిలో ముక్కు చీదుకుంటూ రిజిస్టరు మళ్ళీ తెరిచింది. సర్వే చూసింది నలభైమందిని మాత్రమే. రెండేళ్ళలో గురువారం పిల్లలు మొత్తం ఎంతమంది? వేలు పెట్టి లెక్కపెడితే నూట అరవై మూడుమంది తేలారు. సోమవారం డాక్టరుగారు సంతకం పెట్టేస్తే పదకొండుమందికి మళ్ళీ వేస్తారు. మిగతావాళ్ళ కార్డుల్లో టిక్కు ఉంటుంది, ఒంట్లో ఏముందో ఎవరికీ తెలియదు. ఐసుప్యాకులు ఎలా పెట్టారన్నది రాయడానికి ఏ రిజిస్టర్లోనూ గడి లేదు. తను నోరు విప్పకపోతే ఈ సంగతి ఇక్కడితో సరి.

ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, లోకంలో దేన్నైనా బస్సుతోనే కొలుస్తాడు. అంతా విని, "ఏడు నెలలు. కళ్ళు మూసుకుంటే అయిపోతాయి. ఇప్పుడు కోరి తద్దినం తెచ్చుకుంటావా?" అన్నాడు.

"కళ్ళు మూసుకుంటే ఆ ముసలావిడ మెట్టు మీద కనిపిస్తోంది."

"ఎంతమందన్నావ్ పిల్లలు?"

"నూట అరవై మూడు."

ఆయన పేపరు మడతపెట్టాడు. "మూడు బస్సుల జనం," అన్నాడు. "బ్రేకులు లేని మూడు బస్సులు." 

సోమవారం డాక్టరుగారు కలం మూత తీసేలోపే ఆమె రెండు సీసాలూ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఊపింది. "పావుగంట ఆగండి సార్," అంది. ఆ పావుగంటలో ఉన్నదున్నట్టు చెప్పేసింది. బకెట్టు సంగతి, ముప్పావుగంట సంగతి, అరచేతిలో రుద్దిన సీసా సంగతి.

డాక్టరుగారు ఈసారి కళ్ళద్దాలు తుడవలేదు. ఏకంగా తీసి పక్కన పెట్టేశారు.

"ఆ చార్టు మీ గదిలోనే ఉంది కదా!"

"నేనే తగిలించానండీ."

"మీరు చెప్పకపోతే ఇది ఎవరికి తెలిసేది?"

"ఎవరికీ తెలిసేది కాదండీ. అందుకే చెబుతున్నా."

ఆయన అడుగుకి దిగిన మడ్డిని చూస్తూ, "పెట్టెలో ఇదొక్కటే కాదుగా వెళ్ళింది. మిగతా టీకాలో?" అన్నారు.

"గడ్డకడితే పాడయ్యేవి ఇంకో రెండున్నాయి. అవి ఎవరెవరికి వేశానో కూడా రాశాను." నూట అరవై మూడు పేర్లున్న కాగితాలు ఆయన ముందు పెట్టింది. శని, ఆదివారాలు రెండు రోజులూ కూర్చుని రాసినవి.

"పిల్లలు బరువు తక్కువ, తల్లులకి తిండి లేదు అని రాసేశానమ్మా నేను," అన్నారాయన కొంచెం తగ్గిన గొంతుతో. ఆ పేజీ చింపారు. ఆ తర్వాత మళ్ళీ అధికారి గొంతు తెచ్చుకుని, మెమో ఇస్తాననీ, విచారణ ఉంటుందనీ, సర్వీసు పుస్తకంలో ఎక్కుతుందనీ చెప్పారు. ఆమె అన్నిటికీ తల ఊపింది. ఒకటే అడిగింది. "గురువారం హాలుకి నన్నే పంపించండి. వాళ్ళకి నేనే చెప్పాలి."

గురువారం పొద్దున ఐసుప్యాకులు బల్ల మీద చెమట పడుతుంటే ఆమె పక్కనే నిలబడి ఉంది. ముప్పావుగంట అంత పొడుగుంటుందని ఆమె ఎప్పుడో మరిచిపోయింది. ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి, లోపల గుడగుడ వినిపించాకే పెట్టెలో పెట్టింది. హాలుకి చేరేసరికి ఎండెక్కింది. ఫోన్లు చేసి పిలిపించడం వల్ల హాలు నిండిపోయింది. పిల్లలు అలవాటు ప్రకారం ఆమెని చూడగానే రాగం అందుకున్నారు.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఎక్కడా నసగలేదు. "మీ పిల్లల్లో లోపం లేదు, మీ పాలలో లోపం లేదు. నేను ఐసు ఎక్కువ పెట్టి మందు పాడుచేశాను. రెండేళ్ళుగా చేశాను. అందరికీ ఇవాళ మళ్ళీ ఒక డోసు వేస్తాం, నెల తర్వాత రక్తం చూస్తాం. చాలకపోతే ఇంకో రెండు వేస్తాం. పెట్టెలో పాడయ్యే మిగతా టీకాలు కూడా మళ్ళీ వేస్తాం."

 హాలంతా ఒక్కసారి లేచింది. ఒకావిడ నీ పిల్లలకైతే ఇలాగే వేసేదానివా అని అడిగింది. ఇంకొకావిడ ఇంక నీ చేత్తో వేయించుకోం పొమ్మంది. ఐసుపెట్టక్క అన్నీ విన్నది. సంజాయిషీకి నోటిదాకా వచ్చిన బకెట్టు కథని లోపలికి మింగేసింది.

వెనక వరసలోంచి కుట్టుమిషను అమ్మాయి లేచి ముందుకొచ్చింది. చంకలో బొద్దు. ఆమె అరవలేదు.

"మూడు వారాలు అక్కా," అంది. "మూడు వారాలు మా అమ్మని గుమ్మం బయట కూర్చోబెట్టాను. నా పాలని తిట్టుకున్నాను."

"తప్పు నాదే తల్లీ," అంది ఐసుపెట్టక్క. కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"ఇవాళ బాగుందని నమ్మకమేంటి?"

నిజమే, నమ్మకమేంటి? ఐసుపెట్టక్క పెట్టె మూత తీసి, ఒక ఐసుప్యాకు బయటికి లాగి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. "చెవి దగ్గర పెట్టి ఊపు. లోపల నీళ్ళ చప్పుడు వినిపిస్తే మందు బాగున్నట్టు. వినిపించకపోతే నన్ను ఇటునుంచి ఇటే పంపించెయ్."

కుట్టుమిషను అమ్మాయి పాపని ఇంకో చంకకి మార్చుకుని ప్యాకుని ఊపింది. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు ఊపింది. హాలంతా గొడవ ఆపి ఆమె మొహంలోకే చూసింది. ఆమె ఆ ప్యాకుని పక్కనున్న ఆవిడకిచ్చింది. ఆవిడ ఊపి వెనక్కిచ్చింది. అలా అది వరసంతా తిరిగింది. మిగతా మూడు ప్యాకుల్ని కూడా పెట్టెలోంచి తీయమన్నారు. ఆమె ఒక్కొక్కటే తీసి చూపించింది, ఒకటి తిరిగొచ్చాకే ఇంకొకటి.

"వినిపించింది," అంది కుట్టుమిషను అమ్మాయి, పాప గౌను పైకి ఎత్తి పట్టుకుంటూ. "వెయ్యండి." క్షమించానని అనలేదు. ఐసుపెట్టక్క అడగనూ లేదు.

ఆ రోజు నుంచి ప్రతి గురువారం కుట్టుమిషను అమ్మాయి ప్యాకులు ఊపి విన్నాకే సూది బయటికొచ్చేది. నెల తర్వాత అంకెలొచ్చాయి. నూట అరవై మూడుమందిలో నూట పన్నెండుమంది పది దాటారు. మిగతావాళ్ళకి ఇంకో రెండు డోసులు మొదలుపెట్టారు. మెమో కూడా వచ్చింది, ఎర్ర సిరాతో. బొద్దు అంకె నాలుగువందల పన్నెండు.

ఆ గురువారం హాలుకి అందరికంటే ముందు వచ్చింది పాప అమ్మమ్మ. బొద్దుకి ఆ రోజు సూదేమీ లేదు. అయినా పెద్దావిడ మనవరాలిని చంకనేసుకుని పట్టాల దగ్గర్నుంచి నడిచొచ్చింది. పాప ఆమె చెంపలు గీరుతోంది, చెవిపోగు పట్టుకుని లాగుతోంది. ఆవిడ ఏమీ అనడం లేదు. ఐసుపెట్టక్కని చూసి బొద్దు నోరు తెరిచి ఏడుపు అందుకుంది.

పెద్దావిడ నేరుగా బల్ల దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. "ఆ ప్యాకు ఇటియ్యి. అమ్మాయికి పనుంది. ఈ వారం నన్ను వినమంది."